బుజ్జికి చలికోటు

కార్తీకం దాటిందంటే మా ఆదిలాబాద్ చలి గురించి వేరే చెప్పక్కర్లేదు. పన్నెండేళ్లుగా వాకిట్లో పడుకునే మా బుజ్జి మాత్రం ఏనాడూ చలిని లెక్కచేయలేదు. వీధిలోంచి వచ్చిన కుక్క, గట్టి ప్రాణం. అలాంటిది పోయిన చలికాలం ఓ తెల్లవారుజామున తలుపు తీసేసరికి ముడుచుకుని వణుకుతోంది. లేవబోతే వెనక కాళ్లు లేవలేదు.

"వయసైపోయింది. కీళ్లు అరిగాయి, ఒంట్లో కండ తగ్గింది. చలికి నొప్పులు ఎక్కువవుతాయి, వెచ్చగా ఉంచండి" అన్నారు పశువుల డాక్టరు.

ఆ సాయంత్రమే దుకాణానికి పరుగెత్తాను. ఎర్రటి కోటు, దానికో టోపీ, వీపు మీద తెల్లటి ఊలు బంతులు. చూడగానే నచ్చేసింది. అట్ట మీద 'మీడియం' అని ఉంది. మా బుజ్జి కూడా మీడియమే కదా!

"మనుషులకే సరైన స్వెట్టర్లు లేవు, కుక్కకు కోటా?" అని అత్తయ్య మూతి ముడిచింది. తొడగ్గానే బుజ్జి బొమ్మలా నిలబడిపోయింది. ఎంత బుద్ధిగా ఉందోనని నవ్వుకుంటూ పిల్లలూ నేనూ ఫొటోలు తీశాం. మూడో రోజు విప్పి చూస్తే ముందు కాళ్ల సందుల్లో చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా కమిలి ఉంది. అది బుద్ధిగా నిలబడలేదు, అడుగేస్తే నొప్పని నిలబడింది. నోరులేని జీవాన్ని పట్టుకుని నవ్వామే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పుండు మానాక బుజ్జిని మా వీధి చివరి టైలర్ దగ్గరకు తీసుకెళ్లాను. "చేతులు పెట్టాల్నా అక్కా?" అని ఆయన నవ్వాడు గానీ, టేపు మాత్రం శ్రద్ధగా పట్టాడు. మెడ మొదలు నుంచి తోక మొదలు వరకు 21 అంగుళాలు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ 25. మెడ దగ్గర రెండు వేళ్లు సులువుగా దూరేంత వదులు. మూత్రానికి అడ్డం రాకుండా పొట్ట కింద సన్నటి పట్టీ. చేతుల్లేవు, టోపీ లేదు, కొరికి మింగేందుకు బొత్తాలూ లేవు. లోపల మెత్తటి నూలుబట్ట, పైన ఊలు. ఆ ఊలుబట్ట ఎక్కడిదనుకున్నారు? అత్తయ్య పాత శాలువా. అడక్కుండానే తెచ్చి ఇచ్చింది.

ఒత్తయిన బొచ్చుండే హస్కీల్లాంటి కుక్కలకు మన చలికి కోటు అక్కర్లేదట. పొట్టి బొచ్చువి, బక్కచిక్కినవి, ముసలివి అయితేనే అవసరం. ఎండెక్కగానే విప్పేయాలి. తడిస్తే వెంటనే తీసేయాలి, తడి కోటు చలిని ఇంకా పెంచుతుంది. రోజూ ఒకసారి కింద చర్మం చూడాలి. కోటు వేశాం కదా అని చల్లటి గచ్చు మీద పడుకోనివ్వకూడదు. అందుకే బుజ్జి పక్క ఇప్పుడు వరండాలోకి మారింది. కింద రెండు గోనెసంచులు, పైన పాత బొంత.

ఎర్ర కోటు కనబడితే మంచం కిందికి దూరే బుజ్జి, ఈ కోటు కొక్కెం నుంచి తీయగానే కుంటుకుంటూ వచ్చి తల ముందుకు చాస్తుంది. ఎప్పుడైనా నేను మరిచిపోతే లోపలి గదిలోంచి కేక వినిపిస్తుంది.

"చీకటి పడుతోంది, దానికి కోటు వేశావా?"

అది మా అత్తయ్యే.