చదివేవాళ్ల కోసం సి.ఎస్.ఎస్.

 

ఈ నెల గోడపత్రికలో నేను సి.ఎస్.ఎస్. గురించి రాస్తున్నాను. మన కంప్యూటర్ గదిలో ఈ సంవత్సరం తొమ్మిదో తరగతి వాళ్లకు వెబ్ పేజీలు తయారు చేయడం నేర్పుతున్నారు. ఎనిమిదో తరగతి చెల్లెళ్లు "అదేంది అక్కా, దాంతోని ఏం జేస్తరు?" అని రోజూ అడుగుతున్నారు. అన్నం లైన్‌లో నిలబడి చెప్తే సగమే సమజైతుంది. అందుకే నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

సి.ఎస్.ఎస్. అంటే ఏమిటి?

వెబ్ పేజీలో రెండు పనులు ఉంటాయి. మొదటిది విషయం. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ అని చెప్పేది హెచ్.టి.ఎం.ఎల్. రెండవది, ఆ విషయం కంటికి ఎట్ల కనపడాలి అన్నది. ఏ రంగు, ఎంత సైజు, ఎంత సందు అని చెప్పేది సి.ఎస్.ఎస్. దాని పూర్తి పేరు క్యాస్కేడింగ్ స్టైల్ షీట్స్.

నార్వే దేశానికి చెందిన హాకన్ వియుమ్ లీ దీన్ని 1994 అక్టోబర్ 10న ప్రతిపాదించాడు. అప్పుడు ఆయన స్విట్జర్లాండ్‌లోని సెర్న్ అనే పరిశోధన సంస్థలో ఉన్నాడు. వరల్డ్ వైడ్ వెబ్‌ను టిమ్ బెర్నర్స్ లీ తయారు చేసింది కూడా అక్కడే. తర్వాత నెదర్లాండ్స్‌కు చెందిన బెర్ట్ బోస్ ఆయనతో కలిశాడు. 1996 డిసెంబర్ 17న మొదటి సి.ఎస్.ఎస్. ప్రమాణం వచ్చింది.

అంతకు ముందు రంగు, సైజు పేజీలోనే ఎక్కడికక్కడ రాసేవాళ్లు. మన గోడపత్రికనే చూడండి. శీర్షికలన్నీ ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసినం. వార్డెన్ మేడం వచ్చి "ఆకుపచ్చ బాగుంటది" అంటే కాగితాలన్నీ మళ్లీ రాయాలి. సి.ఎస్.ఎస్.లో అయితే ఒక్క ఫైలులో ఒక్క మాట మారిస్తే చాలు, నూరు పేజీలున్నా శీర్షికలన్నీ ఆకుపచ్చ అయితయి.

ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఫైలును ఫోను ఒకసారి తెచ్చుకొని దాచిపెట్టుకుంటది. రెండో పేజీ తెరిచినప్పుడు మళ్లీ తెచ్చుకునే పని ఉండదు. నల్లమల లోపల మా పెంట దగ్గర సిగ్నల్ గుట్ట ఎక్కితేనే వస్తది. అటువంటి చోట ఇది పెద్ద లాభం.

నియమం ఎట్ల రాయాలి?

ముందు ఎవరికి చెప్తున్నామో రాయాలి. పేరాలకు అయితే 'పి', పెద్ద శీర్షికకు అయితే 'హెచ్1'. తర్వాత ఫ్లవర్ బ్రాకెట్ తెరవాలి, లెక్కల సారు బోర్డు మీద వేసే మీసాల బ్రాకెట్ అదే. దాని లోపల 'కలర్' అని రాసి, కోలన్ పెట్టి, 'గ్రీన్' అని రాసి, సెమీకోలన్ పెట్టి బ్రాకెట్ మూయాలి. కంప్యూటర్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

సెమీకోలన్‌ను చిన్నచూపు చూడొద్దు. రెండు నియమాల నడుమ అది లేకపోతే రెండూ చెల్లవు. బ్రౌజర్ తప్పు అని చెప్పదు. ఊరికే దాటిపోతది. మనమే వెతుక్కోవాలి.

రంగులను పేరుతో చెప్పొచ్చు, అంకెలతోనూ చెప్పొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు ఉంటుంది. 256ను మూడుసార్లు గుణిస్తే 1,67,77,216 రంగులు వస్తాయి. నేను కాగితం మీద గుణించి చూసిన, సరిగ్గానే వచ్చింది.

పెట్టె లెక్క

సి.ఎస్.ఎస్. దృష్టిలో పేజీలో ఉన్న ప్రతిదీ ఒక పెట్టె. దీన్ని మా పెంటలోని ఇండ్లతో పోల్చుకుంటే నాకు తొందరగా అర్థమైంది. గుడిసె అంటే విషయం. గుడిసెకు, కంచెకు నడుమ ఉండే వాకిలి ప్యాడింగ్. కంచె బార్డర్. మన కంచెకు, పక్కింటి కంచెకు నడుమ ఉండే బాట మార్జిన్. వాకిలి లేకపోతే కూర్చోవడానికి జాగా ఉండదు, బాట లేకపోతే నడవడానికి జాగా ఉండదు. అక్షరాలకు కూడా అంతే.

క్యాస్కేడింగ్ అనే మాట

క్యాస్కేడ్ అంటే మెట్టు మెట్టుగా దుంకే నీళ్లు. మల్లెలతీర్థం చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. నియమాలు కూడా అట్లనే ఒకదాని మీద ఒకటి వస్తాయి. బ్రౌజర్‌కు సొంత నియమాలు ఉంటాయి, చదివేవాళ్లు పెట్టుకునేవి ఉంటాయి, పేజీ రాసినవాళ్లవి ఉంటాయి. రెండు నియమాలు కొట్లాడితే ఏది గెలవాలో ముందే వరుస ఉంది. పేజీ రాసినవాళ్ల నియమాల్లోనే తగాదా వస్తే, 'పేరాలన్నీ నలుపు' అన్నదాని కంటే 'ఈ ఒక్క పేరా నీలం' అన్నది గెలుస్తది. రెండూ సమానమైతే కింద రాసింది గెలుస్తది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. రాసేవాళ్ల ఇష్టం, చదివేవాళ్ల ఇష్టం రెండూ కలవాలని వియుమ్ లీ మొదటి ప్రతిపాదనలోనే ఉంది. అంటే చదివేవాళ్లకు కూడా లెక్కలో చోటు ఇచ్చారు.

తెలుగు అక్షరాలకు సందు ఎక్కువ కావాలి

ఇంగ్లీషు అక్షరాలు వరుసలో బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరాలకు పైన గుడి, తలకట్టు ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. 'కృష్ణా' అని రాస్తే సుడి, ఒత్తు రెండూ కిందికి దిగుతాయి. కింది వరుసలో 'కి' ఉంటే దాని గుడి పోయి ఆ ఒత్తుకు తగులుతది. వరుసల నడుమ ఎడం చెప్పే నియమం పేరు 'లైన్ హైట్'. ఇంగ్లీషుకు 1.2 పెట్టినా నడుస్తది, తెలుగుకు అది చాలదు.

మా సారు ఒకే విషయాన్ని రెండు తీర్ల చేయమన్నారు. నేను, నా దోస్తు కలిసి అమ్రాబాద్ అడవి గురించి పేజీ చేసినం. ఒకదానికి లైన్ హైట్ 1 పెట్టినం, రెండోదానికి 1.8. మాటలు రెండింటిలో అవే.

పేరెంట్స్ మీటింగ్ రోజు వార్డెన్ మేడం కంప్యూటర్ గది తెరిపించారు. మా అమ్మ వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుంది. వరుస కింద వేలు పెట్టుకొని కూడబలుక్కొని చదువుతది. మొదటి పేజీలో రెండో వరుస దాటి మూడో వరుసకు పోయింది. మళ్లీ మొదటికి వచ్చింది. "కండ్లు తిరుగుతున్నయి" అన్నది. రెండో పేజీ పెట్టిన. ఐదు వరుసలు ఆగకుండా చదివింది. "ఇందుల సందు ఉన్నది బిడ్డా, వేలు పడుతది" అన్నది.

తర్వాత ఇంకో మాట అన్నది. "నీళ్లు దుంకే కాడ బండలకు తేనెపట్లు పడ్తయి. అది గూడ రాయి." మొదటి పేజీ ముందు అమ్మ అక్షరాల గురించి మాట్లాడింది. రెండో పేజీ ముందు అడవి గురించి మాట్లాడింది. సి.ఎస్.ఎస్. ఎందుకు నేర్చుకోవాలో నాకు అప్పుడే బాగా తెలిసింది. అమ్మ చెప్పిన వాక్యం ఇప్పుడు మా పేజీలో ఆరవ వరుస.

ఇంకో రెండు జాగ్రత్తలు. అక్షరాలను పక్కకు వంచే ఇటాలిక్ తెలుగులో చూడ ముచ్చటగా ఉండదు, కొత్తగా చదివేవాళ్లకు కష్టం. అన్నీ పెద్దబడి అక్షరాలు చేసే నియమం తెలుగుకు పనే చేయదు, మనకు పెద్దబడి, చిన్నబడి లేవు కదా.

మన పాలమూరు పేరుతో ఒక ఫాంటు

అక్షరాల ఆకారాన్ని చెప్పే నియమం 'ఫాంట్ ఫ్యామిలీ'. ఇందులో ఒకటి కాదు, వరుసగా నాలుగైదు పేర్లు రాయొచ్చు. అమ్మ అంగడికి పంపేటప్పుడు "జొన్నలు తే, లేకుంటే సజ్జలు తే" అన్నట్లు, మొదటి ఫాంటు దొరకకపోతే రెండోది తీసుకుంటది.

మా శీర్షికకు 'సురవరం' అనే ఫాంటు పెట్టినం. సిలికానాంధ్ర వాళ్ల కోసం పురుషోత్ కుమార్ గుత్తుల తయారు చేశారు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. లావుగా ఉంటుంది కాబట్టి శీర్షికలకు బాగుంటుంది. ఇది పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు. ఆయన 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరన్న వాళ్ల పేర్లను అచ్చులో చూపించిన మనిషి పేరు ఇప్పుడు అక్షరాలకు ఉంది. కింది పేరాలకు మాత్రం సన్నగా ఉండే నోటో సాన్స్ తెలుగు పెట్టినం.

నా మనవి

మన గోడపత్రికకు కూడా ఒక నియమం పెట్టుకుందామని నా కోరిక. ఇకనుండి వరుస విడిచి వరుస రాద్దాం. కాగితాలు ఎక్కువ పడతాయి, వార్డెన్ మేడం దయచేసి ఇప్పించాలి. సెలవుకు తీసుకపోవడానికి వచ్చిన అమ్మానాన్నలు ఈ గోడ దగ్గరే నిలబడి ఎదురుచూస్తారు. వాళ్లలో చాలామంది ఇప్పుడిప్పుడే చదువుతున్నారు.

సి.ఎస్.ఎస్. నేర్చుకోవాలనుకునే చెల్లెళ్లు ఆదివారం బట్టలు ఉతికిన తర్వాత కంప్యూటర్ గదికి రండి. ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకోండి. సెమీకోలన్ దగ్గర నుండి మొదలుపెడదాం.

ఇంతటితో ముగిస్తున్నాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని