సోహార్ పాత ఊళ్ళో మన టేకు

సోహార్ అనగానే మనవాళ్ళకు ముందు గుర్తొచ్చేది పోర్టు, దాని చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలు. "మనూళ్ళో చూడ్డానికి ఏముంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. సెలవులకు వెళ్తే అమ్మమ్మ అడిగే ప్రశ్నా అదేనట. సరే పదమని, ఓ శుక్రవారం సాయంత్రం సముద్రపుటొడ్డున ఉన్న పాత ఊరికి తీసుకెళ్ళాను.

ముందు కనిపించేది కోట. ఒమాన్ కోటలు చాలావరకు మట్టిరంగులో ఉంటాయి. ఇది మాత్రం తెల్లగా మెరుస్తుంది. 1507లో ఈ ఊరు పోర్చుగీసు సేనాని అల్బుకర్క్‌కు లొంగిపోయింది. 1743లో పర్షియా సైన్యం ముట్టడించినప్పుడు మాత్రం, ఇక్కడి అధికారి అహ్మద్ బిన్ సయీద్ నెలల తరబడి ఎదురొడ్డి నిలిచాడు. ఇప్పటి ఒమాన్ రాజవంశానికి మూలపురుషుడు ఆయనే.

ఊరు ఈ కోటకన్నా పాతది. వెనకున్న కొండల్లో తవ్విన రాగి ఇక్కడినుంచే ఓడలెక్కేది. పదో శతాబ్దంలో అల్ ముఖద్దసి అనే అరబ్బు భూగోళవేత్త దీన్ని చైనా వర్తకానికి గుమ్మంగా వర్ణించాడు. ఇళ్ళు కాల్చిన ఇటుకతో, టేకుతో ఎత్తుగా కట్టేవారని కూడా రాశాడు. 1980లలో కోట దగ్గర జరిగిన తవ్వకాల్లో చైనా పింగాణీ ముక్కలు దొరికాయి.

పిల్లలూ, ఒక్క క్షణం ఆలోచించండి. ఒమాన్‌లో టేకు చెట్లు పెరగవు. మరి ఆ దూలాలు ఎక్కడివి? సముద్రం దాటి మన దేశం నుంచి వచ్చినవే!

సింద్‌బాద్ పుట్టింది సోహార్‌లోనేనని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ కథల దారి నిజమేనా అని చూడడానికి, 1980లో టిమ్ సెవెరిన్ 'సోహార్' అనే ఓడలో ఒమాన్ నుంచి బయలుదేరి, 1981లో చైనాలోని కాంటన్ చేరాడు. ఆ ఓడకు ఒక్క మేకు కొట్టలేదు. పలకలను కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టారు. దాని కలప మలబారు తీరానిది. ఆ ఓడను మస్కట్‌లో అల్ బుస్తాన్ దగ్గర ఇప్పటికీ చూడొచ్చు.

ఉద్యోగం ముగిస్తే మనం ఈ ఊరు వదిలి వెళ్ళేవాళ్ళమే. ఇక్కడే పెరిగిన పిల్లలకు మాత్రం ఇది ఊరే. దాని కథ తెలియకుండా వాళ్ళను తీసుకెళ్ళడం న్యాయం కాదనిపించింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్‌లో అంటోంది: "అమ్మమ్మా, మీ గుమ్మం టేకుదే కదా? వెయ్యేళ్ళ క్రితం మా ఊళ్ళో ఇళ్ళు కూడా ఆ చెక్కతోనే కట్టారట!"