ఆ వారం నేను మార్చినవి

అక్రొపోరా పగడం పోవడం మొదలుపెడితే ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు. పొద్దున ఊదారంగులో నిగనిగలాడిన కొమ్మ సాయంత్రానికి మొదలు దగ్గర తెల్లబడుతుంది. పంపు నీటి విసురుకు పల్చటి కండ పొరలుగా ఊడి తొట్టిలో తేలుతుంది. మర్నాటికి సున్నపు ఎముక మిగులుతుంది. వేడికి పగడాలు తెల్లబడే బ్లీచింగ్ వేరు. అందులో కండ ఉంటుంది, దానిలో కాపురముండే నాచు మాత్రం వెళ్ళిపోతుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే మళ్ళీ కోలుకోవచ్చు. ఇక్కడ కండే పోతుంది. పగడాలు పెంచేవాళ్ళు దీన్ని ఆర్‌టీఎన్ అంటారు, ర్యాపిడ్ టిష్యూ నెక్రోసిస్. జబ్బు పేరులా వినిపిస్తుంది గానీ, జ్వరం లాగా అది లక్షణానికి పెట్టిన పేరే. ఎందుకు వచ్చిందో అందులో ఉండదు.

మాది మునగాల. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే మీద ఊరు, సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలు. చిన్నప్పుడు చెరువు తప్ప సముద్రం ఎరగను. అలాంటివాణ్ణి డాలస్ శివారులో ఇల్లు కొనుక్కుని, హాల్లో ఉప్పునీటి తొట్టి పెట్టి పగడాలు పెంచుతున్నానంటే నాయన ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఉప్పు కొనుక్కొచ్చి సముద్రం చేస్తున్నవా?" అని. నిజానికి చేసేది అదే.

నా తప్పుకు మూలం ఒక గెలుపులో ఉంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు తుఫాను ముంచినప్పుడు లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. మా ఇంటికీ పోయింది. తొట్టికి దుప్పట్లు చుట్టి, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు పెట్టి, గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి తొట్టిలో తేలేశాం. తెలిసినవాళ్ళ తొట్లు ఎన్నో పోయాయి. నాది దాదాపు మొత్తం బతికింది. దాంతో నాకు చేతనవుతుందన్న ధీమా వచ్చింది. చలి నెమ్మదిగా ఎక్కింది కాబట్టి అవి తట్టుకున్నాయేమో అన్న ఆలోచన రాలేదు. పొగడ్త మాత్రం నేను పుచ్చుకున్నాను.

ఆ వేసవిలో, ఏ ఆపదా లేని రోజుల్లో, అన్నీ నేనే పాడుచేశాను. నీళ్ళలో క్షారత, అంటే ఆల్కలినిటీ, చూసి చాలా రోజులైంది. చూస్తే ఏడు డిగ్రీల కిందికి దిగింది. సహజమైన సముద్రపు నీటిలో ఉండేది ఏడు దరిదాపే. కంగారు పడాల్సిన అంకె కాదు. కానీ తొమ్మిది దగ్గర ఉంచితే పగడం వేగంగా పెరుగుతుందని విని, సోడా కలిపి ఒక్క సాయంత్రంలో ఎక్కించేశాను. రోజుకు ఒక డిగ్రీ మించి కదిలించకూడదని నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత గుచ్చుకునేది కాదు.

అదే వారం శనివారం కొత్త ఎల్ఈడీ లైట్లు వచ్చాయి. డబ్బు పెట్టి కొన్నవి కదా, వెలుగు తగ్గించి పెట్టడానికి మనసొప్పలేదు. అద్దానికి నాచు పడుతోందని ఫాస్ఫేట్ లాగేసే గుళికలు కూడా అప్పుడే వేశాను. విడివిడిగా చూస్తే మూడూ చేయదగిన పనులే. వెలుగూ ఆల్కలినిటీ పెరిగి, ఫాస్ఫేట్ లాంటి తిండి తగ్గితే ఎముక పెరిగే వేగాన్ని కండ అందుకోలేదని ఈ వ్యాపకంలో తలపండినవాళ్ళు చెబుతారు. అప్పుడు నేను వినే స్థితిలో లేను.

తెల్లదనం కనపడ్డాక చేసింది ఇంకా ఘోరం. నీళ్ళు పరీక్షించకుండానే సగం తోడి మార్చాను. లైటు తగ్గించాను, కొత్త బొగ్గు వేశాను, బతికున్న కొమ్మలు విరిచి అయోడిన్‌లో ముంచి మళ్ళీ అదే తొట్టిలో పెట్టాను. పక్క గుత్తులకూ పాకింది. అంతా అయ్యాక కారణం వెతుకుదామంటే ఆనవాళ్ళన్నీ నేనే కడిగేశాను.

ఆ తర్వాత ఎవరడిగినా "కారణం లేకుండా పోయినయ్" అనేవాణ్ణి. ఆ మాటకు పెద్ద అండ కూడా దొరికింది. 2014లో మయామీ తీరాన కనపడ్డ స్టోనీ కోరల్ టిష్యూ లాస్ డిసీజ్ ఫ్లోరిడా పగడపు దిబ్బల పొడవునా పాకి కరీబియన్ దీవులకు చేరింది. 20కి పైగా జాతుల రాతి పగడాల కండ ఊడిపోతోంది. అమోక్సిసిలిన్ కలిపిన ముద్దను పుండు అంచున పూస్తే చాలాసార్లు ఆగుతోంది కాబట్టి బ్యాక్టీరియా మీద అనుమానం. నాచులోని వైరస్‌ల మీద కొందరికి అనుమానం. దోషి ఎవరో ఇంకా తేలలేదు. అంత పెద్ద శాస్త్రవేత్తలకే అంతుపట్టనిది నాకేం తెలుస్తుంది అనేవాణ్ణి. వాళ్ళు ఏళ్ళ తరబడి నీళ్ళలో మునిగి, నమూనాలు తీసి, తెలియదన్నారు. నేను చూడకుండానే తెలియదన్నాను. ఒకే మాట కదా అని రెంటినీ ఒకే గాటన కట్టుకున్నాను.

నాయనకు ఇదంతా చెబితే ఆయన వరి సంగతి ఎత్తుకున్నాడు. ఒక ఏడు పొలానికి సుడిదోమ పట్టింది. మందుల దుకాణమాయన ఇచ్చిన మూడు మందులు ఒకే డబ్బాలో కలిపి కొట్టాడు. దోమ తగ్గింది. "ఏ మందుకు తగ్గిందో తెల్వకపాయె. మళ్ళా ఏడాది మూడూ కొన్న," అన్నాడు. నేను ఓడి తెలుసుకోలేకపోయింది, ఆయన గెలిచి కూడా తెలుసుకోలేకపోయాడు. ఆ ఖర్చు మాత్రం ఏటేటా కట్టాడు. నేనూ అంతే. ఏది చంపిందో తెలియక ఉప్పు బ్రాండు నుంచి పంపు దాకా అన్నిటినీ అనుమానించి మార్చుకుంటూ పోయాను.

ఆయనకు ఒక్క కోరిక ఉండేది, బతికిన పగడం ముక్క ఒకటి మునగాలకు తెమ్మని. కుదరదని చెప్పాను. మన దేశంలో 2001 నుంచి రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులి ఉన్న చోటే. "పులా?" అని నవ్వాడు గానీ మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు తొట్టి పక్కన నోటుబుక్కు ఉంది. ఆల్కలినిటీ ఒకే వేళకు చూస్తాను, ఏదైనా మారిస్తే తేదీ వేస్తాను, దాని ఫలితం తేలేదాకా రెండోది ముట్టుకోను. కొత్త లైటును వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతాను. లైటు పెంచే విషయంలో మాత్రం ఇప్పటికీ చెయ్యి ఆగదు, మా ఆవిడ గద్దిస్తే ఆగుతుంది.

ఆ తర్వాత కూడా ఒక గుత్తి పోయింది. పుస్తకం తిరగేస్తే అంకెల్లో కదలిక లేదు, మార్చిందీ ఏమీ లేదు. ఈసారి ముందు నీళ్ళు పరీక్షించి రాసుకున్నాను. తెలుపు గీతకు బాగా పైనుంచి కొమ్మలు కత్తిరించి కొన్ని వేరే చిన్న తొట్టిలో పెట్టాను, ఒకటి ప్లేనోలో ఉన్న కోదాడ స్నేహితుడికి ఇచ్చాను. నా దగ్గరివి నిలవలేదు. అతని దగ్గరిది పెరుగుతోంది. అతని నీళ్ళ అంకెలు కూడా ఇప్పుడు అదే పుస్తకంలో రాస్తున్నాను.