సర్వరూ, ఉప్పుటేరూ

ఆకివీడులో మా బావగారి చేపల మేత కొట్టులో 2006 నుంచి 2015 దాకా ఒక సర్వరు ఉండేది. నాలుగు కంప్యూటర్లకు అదే పెద్ద దిక్కు. పైకి దుమ్ముపట్టిన పెట్టె. లోపల మాత్రం చెరువుల వారీగా రైతుల ఖాతాలు. మేత అరువుకి తీసుకువెళ్ళి, పట్టుబడి అయ్యాక లెక్క తేల్చుకోవడం ఇక్కడి పరిపాటి. ఆ ఖాతాలు పోతే బాకీలన్నీ మాట మీద తేలవలసిందే. అలా తేల్చుకున్నాక ఎన్ని స్నేహాలు నిలుస్తాయో మీకు తెలియనిది కాదు.

వేరే సాఫ్టువేరు కొనడానికి బావగారు ససేమిరా అన్నారు. "విండోసులో ఉన్నదేదో దానితోనే కానిచ్చెయ్యవోయ్!"

నిజానికి విండోస్ 2003 సర్వరుతో వచ్చిన ఎన్‌టీబ్యాకప్ తక్కువదేమీ కాదు. ఎవరో తెరిచి పనిచేసుకుంటున్న ఫైలుకి కూడా ప్రతి తీయగలదు. ఆదివారం మొత్తం, మిగిలిన రాత్రులు ఆనాటి మార్పులు మాత్రం తీసేలా వేళ నిర్ణయించాను. ప్రతి ఫైలుకీ ఉండే ఒక చిన్న గుర్తు దీనికి ఆధారం. ఫైలు మారితే ఆ గుర్తు లేస్తుంది, ప్రతి తీయగానే దిగుతుంది. పాతకాలపు గుమాస్తాలు సరిచూసిన పద్దు పక్కన టిక్కు పెట్టినట్టన్నమాట. కొత్త డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో వచ్చింది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు కనుక ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చాను.

అసలు భయం వేరు. బుడమేరూ తమ్మిలేరూ కొల్లేటిలో తెచ్చిపోసే నీరు సముద్రానికి చేరవలసింది ఉప్పుటేరు గుండానే. అది పొంగిన రోజున సర్వరూ, పక్క బల్లమీది డిస్కూ కలిసే మునుగుతాయి. అందుకని రెండు డిస్కులు పెట్టాం. వారానికొకటి నాతోపాటు రైల్లో భీమవరం వచ్చి, మా ఇంటి రెండో అంతస్తులో బీరువా ఎక్కేది.

2015 జులైలో ఆ సర్వరుకి మైక్రోసాఫ్టు మద్దతు ఆగిపోయింది. కొత్త యంత్రంలోని విండోస్ సర్వర్ బ్యాకప్‌కి పాత బీకేఎఫ్ ఫైళ్ళు చదవడం రాదు. తొమ్మిదేళ్ళ ఖాతాలనూ పాత యంత్రం మీదే విప్పి, ఆ తరువాతే దానికి సెలవిచ్చాం. ఈ కొత్తదానికి ఇంకో గుణం కూడా ఉంది: నెట్‌వర్కు ఫోల్డరులో దాస్తే చివరి ప్రతి ఒక్కటే మిగులుతుంది. నిన్న చెడిన ఖాతాకి నేడు ప్రతి తీస్తే, మొన్నటి మంచి ఖాతా గల్లంతే! నాకిది ఏమాత్రం నచ్చలేదు. డిస్కుల మార్పిడి మానలేదు.

సి.పి. బ్రౌను కడపలో లేఖకులను పెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించి ఊరుకోలేదు. పండితులచేత వాటిని పోల్పించి చూశాడు. మేమూ నెలకొకసారి ఏదో ఒక రైతు ఖాతాను డిస్కులోంచి వేరే ఫోల్డరులోకి తెచ్చేవాళ్ళం. కంప్యూటరును నమ్మని గుమాస్తాగారు తన చిట్టా పుస్తకం పైకి చదివేవారు, నేను తెరమీద చూసేవాణ్ణి. ఒక నెల పదిహేను రూపాయలు తేడా వచ్చింది. తప్పు పుస్తకంలోని కూడికది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచీ కూడడం మొదలుపెట్టారు.