మన పేర్లు చదివే ప్రోగ్రాము

హాస్టల్ పూర్వ విద్యార్థుల పేర్లు తెలుగులో టైపు చేసి, వాటిని చదివేందుకు మేము చిన్న పైథాన్ ప్రోగ్రాము రాసుకున్నాం. కంప్యూటరు నేర్చుకుంటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తుందని రెండు మాటలు.

ఆస్క్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ మనం ఎంచుకున్న ఫైలును తెరవదు, అది ఎక్కడుందో చెబుతుంది, అంతే. క్యాన్సిల్ నొక్కితే ఏమీ ఇవ్వదు. ముందు అది చూసుకోవాలి. తర్వాత ఓపెన్‌తో తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని తప్పక రాయాలి. రాయకపోతే చాలా విండోస్ కంప్యూటర్లలో పైథాన్ 3.14 వరకు 1252 అనే పాశ్చాత్య లిపుల పట్టికతో చదవబోతుంది. అప్పుడు 'రవి' పిచ్చి గుర్తులుగా వస్తాడు. 'లక్ష్మి' దగ్గర ఒత్తు రాగానే ప్రోగ్రామే ఆగిపోతుంది.

పేరులో ఒక్క అక్షరం తేడాకు స్కాలర్‌షిప్ ఆగిపోవడం మనం ఎరిగిందే. మనం రాసిన ప్రోగ్రామైనా మన పేర్లను సరిగా పిలవాలి కదా!