వక్తకు శాలువా ఎప్పుడు కప్పాలి?

తెలుగు ఊళ్లలో రోటరీ, లయన్స్ క్లబ్బుల సమావేశాలు ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకే వరసలో నడుస్తాయి. అధ్యక్షుడు గంట కొడతాడు. వేదిక మీదికి పిలుపులు, ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, పూలగుచ్ఛాలు, ఆ వారం పుట్టినరోజులూ పెళ్లిరోజులూ ఉన్న సభ్యులకు చప్పట్లు, కార్యదర్శి ప్రకటనలు అయ్యేసరికి సభాకాలంలో సగానికి పైగా కరిగిపోతుంది. అప్పుడు వక్త పరిచయం. ఆయన ఎక్కడ చదివారు, ఏయే పదవులు చేశారు, ఏ బిరుదులు అందుకున్నారు అన్నవన్నీ కాగితం చూసి వివరంగా చదువుతారు. ఇవాళ దేని గురించి మాట్లాడబోతున్నారన్నది మాత్రం చివరి వాక్యంలో హడావిడిగా దొర్లుతుంది. వక్త లేచి గొంతు సవరించుకునే వేళకు పక్క హాల్లో గిన్నెల మూతలు లేస్తుంటాయి. కాస్త తొందరగా ముగించమని చీటీ అందుతుంది. ఆ తర్వాత శాలువా, మెమెంటో, ఫొటో, వందన సమర్పణ, జనగణమన. మర్నాడు జిల్లా పేజీలో వేదిక మీద కూర్చున్న వాళ్లందరి పేర్లూ ఉంటాయి. వక్త ఏం చెప్పారో ఒక్క ముక్క ఉండదు. ఉంటే గింటే, విలువైన సందేశం ఇచ్చారని ఉంటుంది.

దీన్ని చూసి నవ్వడం తేలిక. అమెరికాలో ఆ పని ఎప్పుడో అయిపోయింది. 1922లో సింక్లెయిర్ లూయిస్ తన ‘బాబిట్’ నవలలో అక్కడి వ్యాపారుల క్లబ్బు భోజనాలనూ, ఆ బల్లల దగ్గర సాగే ఊకదంపుడు ఉపన్యాసాలనూ తనివితీరా ఎగతాళి చేశాడు. నేను చెప్పదలచుకున్నది వేరు. రకరకాల పనులు చేసుకునే మనుషులు వారానికోసారి ఒకచోట చేరి, తమలో ఎవరికీ అంతగా తెలియని పని తెలిసిన ఒకరిని పిలిచి కాసేపు వినడమన్నది చాలా తెలివైన ఏర్పాటు. మనం దాన్ని మర్యాదలతో ఊపిరాడకుండా చేస్తున్నాం. శాలువా మీద నాకేమీ కక్ష లేదు. ఎవరూ ఒక్క ప్రశ్నయినా అడగకముందే కప్పేస్తున్నాం, చిక్కంతా అక్కడుంది. మీరు చెప్పిన లెక్క నాకు సరిపోవడం లేదండీ అని, శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దమనిషితో అనడానికి మన ఊళ్లలో ఎవరికీ నోరు రాదు. వక్తగా పిలిచిన మనిషిని ముఖ్య అతిథిగా మార్చేశాక, ఆయన వచ్చినందుకే సంతోషించాలి తప్ప, చెప్పినదాన్ని తరచి చూడడం అమర్యాద అవుతుంది.

ఈ క్లబ్బుల పుట్టుకలోకి వెళితే వక్త స్థానం ఏమిటో తెలుస్తుంది. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, దర్జీ దుకాణం నడిపే మరొకాయన కలిసి ఆ ఇంజనీరు ఆఫీసు గదిలో కూర్చున్నారు. తర్వాత వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలుస్తూ వచ్చారు. రోటరీ అన్న పేరు ఆ వంతుల వల్లే వచ్చింది. ఒక వృత్తి నుంచి ఒక్కరికే సభ్యత్వం అన్న నియమం పెట్టుకున్నారు. అందులో స్వార్థం లేకపోలేదు. పోటీదారు పక్క కుర్చీలో ఉండడు, సభ్యులు ఒకరికొకరు బేరాలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. సేవ అన్న ఆలోచన తర్వాత వచ్చి చేరింది. అయితే ఆ నియమం వల్ల మరో మేలు జరిగింది. ఆ గదిలో ఉన్న ప్రతివాడికీ మిగిలినవాళ్లకు తెలియని పని ఒకటి తెలుసు, ప్రతివాడూ మిగిలిన అన్ని పనుల్లోనూ తెలియనివాడే. బొగ్గు ధర ఎందుకు పెరిగిందని లాయరు అడిగితే అది అజ్ఞానమూ కాదు, ధిక్కారమూ కాదు. ఆ సభలకు తొలి వక్తలు సభ్యులే, చెప్పిన విషయం తమ వృత్తి. బయటినుంచి పిలిచే వక్త ఆ వరసలో వచ్చినవాడు. ఆయన్ను పిలిచేది ఆయనకు తెలిసిన పని కోసం, ఆయన హోదా కోసం కాదు.

వక్త అంటే ఏమిటో చూపించే రెండు ఉపన్యాసాలు చిత్రంగా ఒకే ఏడాదిలో జరిగాయి. 1925 జూన్ 30న ఒహైయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ అంతర్జాతీయ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి చొరవతో 1917లో మొదలైన ఆ సంస్థకు అప్పటికి ఎనిమిదేళ్లు. ఆమె వాళ్లను పొగిడి, దీవించి వెళ్లిపోలేదు. అంధుల పక్షాన నిలిచే యోధులు కమ్మని నేరుగా అడిగారు, ఆ పనిని వాళ్ల నెత్తిన పెట్టి వెళ్లారు. ఇవాళ మన పట్టణాల్లో లయన్స్ కంటి ఆసుపత్రులు, శుక్లాల ఆపరేషన్ల శిబిరాలు కనిపిస్తున్నాయంటే వాటి మూలం ఆ ఉపన్యాసంలో ఉంది. మరోమాట: పని అప్పగించిన ఆమె లాంటి స్త్రీలను మామూలు సభ్యులుగా చేర్చుకోవడానికి లయన్స్‌కు 1987 దాకా పట్టింది. రోటరీకి 1989 దాకా. వేదిక ఎక్కి మాట్లాడడానికి పనికొచ్చిన మనిషి బల్ల దగ్గర కూర్చోవడానికి అరవై ఏళ్లు పనికిరాలేదు. ఇక రెండో ఉపన్యాసం అదే ఏడాది కలకత్తా రోటరీ క్లబ్బులో గాంధీజీ చేసినది. మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బు అదే, 1919లో మొదలైంది. ఐరోపా వర్తకులకు అప్పట్లో అది కూడలి. అలాంటి చోటికి వెళ్లి ఆయన మాట్లాడిన విషయం రాట్నం. మిల్లు బట్టల వ్యాపారం నడిచే నగరంలో, ఆ వ్యాపారపు మనుషుల ముందు చేత్తో వడికే నూలు గురించి చెప్పడం సత్కారం అందుకోవడానికి వెళ్లినవాడు చేసే పని కాదు. వినేవాళ్లు ఒప్పుకుని ఉండకపోవచ్చు. ఒప్పుకోని మాటను కూర్చుని వినేటట్టు చేయగలగడమే ఆ ఏర్పాటు గొప్ప.

అతిథిని గౌరవించడం మన సంప్రదాయమనీ, వచ్చినవాణ్ణి ప్రశ్నలతో నిలదీయడం మన పద్ధతి కాదనీ వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. సంప్రదాయం పేరెత్తితే మాత్రం నేను శాలువా పక్షం వాళ్ల కంటే గట్టిగా మాట్లాడగలను. మన పండిత సభల్లో వాక్యార్థం చెప్పాకే, ఎదుటి పండితుడి ఆక్షేపణలకు నిలబడ్డాకే సంభావన. పరీక్ష ముందు, సత్కారం తర్వాత. తెలుగువాళ్లకు ప్రత్యేకమైన అవధానంలోనైతే పృచ్ఛకుడు లేకపోతే సభే లేదు. అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుని అడుగుతారు. వారిలో ఒకరి పని అప్రస్తుత ప్రసంగం, అంటే ధారణ చెదిరేలా మధ్యలో అడ్డదిడ్డమైన ప్రశ్నలు వేయడం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాలు చేసిన రోజుల్లో వాళ్లను కష్టమైన ప్రశ్న అడగడం వాళ్లకు అవమానమని ఎవరూ అనుకోలేదు. తేలిక ప్రశ్న అడగడమే చిన్నచూపు. అవధాని మెడలో చివర పడే దండకు ఆ విలువ వచ్చింది ముందు జరిగిన ప్రశ్నల వల్ల. ప్రశ్నను తీసేసి దండను మాత్రం ఉంచుకోవడం సంప్రదాయం కాదు, ఈ మధ్య పట్టిన అలవాటు.

చిన్న ఊళ్లో వారం వారం వక్తలు ఎక్కడ దొరుకుతారన్నది ఇంకా న్యాయమైన అభ్యంతరం. ఎమ్మెల్యేలు, కలెక్టర్లు, సినిమా వాళ్లు, వ్యక్తిత్వ వికాస నిపుణులు కావాలంటే నిజంగానే దొరకరు. దొరికినా ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్తారు. పని తెలిసిన మనిషి కావాలంటే మాత్రం ఏ ఊరికీ కరువు లేదు. మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకులో క్లోరిన్ ఎంత కలుపుతారో, వేసవిలో చివరి వీధికి నీళ్లు ఎందుకు ఎక్కవో చెప్పగల ఏఈ ఉంటాడు. రక్తనిధిలో ప్లేట్‌లెట్లు ఎందుకు ఎక్కువ రోజులు నిలవ ఉండవో చెప్పగల టెక్నీషియన్ ఉంటాడు. గుంటూరులో మిర్చి యార్డుకు వచ్చిన టిక్కీకి ధర ఎలా కడతారో, భీమవరంలో రొయ్యల చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో, సిరిసిల్లలో మరమగ్గం మీద మీటరుకు కూలి ఎలా లెక్కిస్తారో, ఆదోనిలో పత్తి తేమ ఎలా చూస్తారో ఆ ఊళ్ల డాక్టర్లలో, లాయర్లలో, ఆడిటర్లలో ఎందరికి తెలుసు? తమ ఊరు దేని మీద బతుకుతోందో తెలియకుండా ఆ ఊరికి సేవ చేస్తామనడం కొంచెం వింతగానే ఉంటుంది. అలాంటి వక్త చక్కగా మాట్లాడలేకపోవచ్చు, తడబడవచ్చు, చెప్పాల్సింది పది నిమిషాల్లోనే అయిపోవచ్చు. ప్రశ్నలున్నచోట అది లోపం కాదు. ఉపన్యాసం ఇవ్వడం చేతకాని వాళ్లు చాలామంది అడిగితే గంటసేపు చెప్పగలరు.

ప్రశ్నలకు తావిస్తే గొడవ అవుతుందని, రాజకీయాలు జొరబడతాయని కొందరు అధ్యక్షుల భయం. కొంత నిజమే. నల్లా బిల్లు గురించి అడుగుతున్నట్టు మొదలుపెట్టి చైర్మన్ మీదికి వెళ్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అధ్యక్షుడి చేతిలో గంట ఉన్నది అందుకే. కాని ప్రశ్నలు లేకపోతే జరిగే నష్టం ఎవరికీ కనబడదు కాబట్టి దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. ఆరోగ్య ఉపన్యాసం పేరుతో తమ ఆసుపత్రి ప్యాకేజీలు చెప్పుకునే వాళ్లు, పొదుపు గురించి మాట్లాడతానని వచ్చి పాలసీలు అమ్మేవాళ్లు, ప్లాట్ల లేఅవుట్లు వేదికనెక్కించే వాళ్లు, ఈ వేదికల్ని ఎప్పుడో కనిపెట్టారు. గౌరవనీయుల మధ్య నిలబడి మాట్లాడితే సరుకుకు పరువు అంటుకుంటుంది. వాళ్లను రానివ్వకూడదని నియమం పెడితే వేరే పేరుతో వస్తారు. ఈ పరీక్ష ఎవరికి, దీనికి ఎంత తీసుకుంటారు, తీసుకోకపోతే ఏమవుతుంది అని సభలో నలుగురు అడిగే అలవాటుంటే రెండోసారి రారు.

సేవా సంస్థకు మాటలతో ఏం పని, చేతల్లో చూపిస్తే చాలదా అంటారు మరికొందరు. 2016లో రోటరీ నియమాలు సడలి, నెలకు రెండు సమావేశాలు జరిపితే చాలన్నాక ఈ వాదన ఇంకా బలపడింది. నెలకు రెండయినా నాకు అభ్యంతరం లేదు. చేతల సంగతి మాత్రం చూద్దాం. ఆ సంస్థ చేసిన అతిపెద్ద పని పోలియో నిర్మూలన. 1985లో తలకెత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో బెంగాల్లో నమోదైంది, 2014 మార్చిలో మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరణ వచ్చింది. డబ్బు, మనుషులు, చుక్కల మందు అన్నీ ఉన్నా ఉత్తరప్రదేశ్‌లో కొన్నిచోట్ల తలుపులు తెరుచుకోలేదు. మందు మీద అనుమానాలున్న ఆ ఇళ్లకు చేరడానికి రోటరీ వాళ్లు ముస్లిం మతపెద్దలతో కమిటీ వేసుకోవలసి వచ్చింది. తమకు తెలియనిది తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని విన్నాకే ఆ చేత సాగింది.

రోటరీ సంవత్సరం జూలై 1న మొదలవుతుంది. కొత్త అధ్యక్షుడు జూన్ అంతా పదవీ స్వీకార సభ ఏర్పాట్లలో మునిగి ఉంటాడు. వక్తల జాబితా మాత్రం వారం ముందు ఫోన్ల మీద తయారవుతుంది. ఆ నెలలోనే కార్యక్రమాల కమిటీ ఓ సాయంత్రం కూర్చుని, ఊళ్లో ఎవరిని ఏం అడగాలో రాసుకోవచ్చు. ఆహ్వానంతో పాటే రెండు మూడు ప్రశ్నలు పంపితే వక్తకు తన పదవి గురించి కాక పని గురించి మాట్లాడాలని తెలుస్తుంది. పరిచయం నిమిషం, మాట పావుగంట, ప్రశ్నలు పావుగంట, ఆ తర్వాత శాలువా నిండుగా కప్పండి. జవాబు తన దగ్గర లేదని వక్త ఒప్పుకున్న ప్రశ్న ఏదైనా మిగిలితే, దాన్ని కార్యదర్శి క్లబ్బు లెటర్‌హెడ్ మీద రాసి ఆయన ఆఫీసుకే పంపాలి. చాలామంది అధికారులు దానికి నొచ్చుకోరు. ఫైలు కదలాలంటే ఎవరో ఒకరు లిఖితపూర్వకంగా అడగాలని వాళ్లకూ తెలుసు.