అతుకును కొలువవలెను

పడమటి కనుమల పాదమున, రాజపాళయమునుండి తెన్కాశికి పోవు బాటమీద మా సేత్తూరు కలదు. ఇది నూలు మిల్లుల సీమ. రాజపాళయమున 1936లో నూలు మిల్లు వెలసిన పిదప ఈ ప్రాంతపు తెలుగువారిలో ఎందరో ఆ పనిలో బ్రదుకు వెదకికొనిరి. మేమును ఒక మిల్లు మరమ్మతుశాలలో ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి పొందితిమి. విరిగిన వస్తువు కంటబడిన మా చేతులు ఊరకుండవు. అట్టి చేతులకు ఇటీవల దొరకిన యొక చిన్న పనిని గూర్చి చదువరులకు విన్నవింపదలచితిమి. వస్తువు క్రొత్తది, నేర్పిన పాఠము మాత్రము పాతదే.

మా మనుమడు పదునేడేండ్లవాడు. విమానచోదకుడు కావలెనని వాని చిన్ననాటి కోరిక. వాణిజ్య విమానములు నడుపు అనుమతికి రంగులను సరిగా గుర్తించు చూపు అవసరము. ఎరుపును ఆకుపచ్చను వేరుచేయుటలో వానికి లోపమున్నదని కంటివైద్యులు చెప్పిరి. ఆనాటినుండి ఆ మాటను మా యింట ఎవరును ఎత్తరైరి. వాడు మాత్రము కంప్యూటరు ముందు కూర్చుండి విమానచోదన క్రీడలో మునిగియుండెడివాడు. ఇది వట్టి ఆటయని మేము తలచితిమి.

ఆటయని తలచుట మా తప్పు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునాతడు నేలమీదనే విమానచోదనము నేర్పు యంత్రమును నిర్మించెను. అతని తండ్రిది ఆర్గన్ వాద్యములు చేయు కర్మాగారము. ఆ వాద్యములందలి గాలితిత్తుల పనితనముతోనే అతడు తన బొమ్మ విమానమును ఎత్తెను, దించెను, ఒరగజేసెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వేలకొలది చోదకులు అట్టి యంత్రములందు అభ్యాసము చేసిరి. ఇంటి కంప్యూటరులకు మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు 1982లో వచ్చినది. 2020లో వెలువడిన రూపములో ఉపగ్రహ చిత్రముల ఆధారమున భూగోళమంతయు చూడవచ్చును. మా మనుమడు మదురైలో లేచి నైరృతి దిక్కుగా వచ్చి, మా కొండలను చుట్టి, తిరిగి మదురైలో దిగుచుండెడివాడు.

ఈ క్రీడలో ఒక చిక్కు కలదు. తెర యెదుటనే యుండును. ప్రక్కకు తలత్రిప్పినచో గది గోడయే కానవచ్చును. దిగుటకై రన్‌వేను చుట్టివచ్చు విమానము సాధారణముగా ఎడమకే మలుపులు తిరుగును. చోదకుడు ఎడమ రెక్కమీదుగా నేలను చూచుచుండవలెను. అందులకై హెడ్ ట్రాకర్ అను పరికరము ఏర్పడినది. హెడ్‌ఫోను ప్రక్కన ఒక సన్నని చట్రము. దానిపై కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చు మూడు చిన్న దీపములు. తెరమీద నొక కెమెరా. ఆ మూడు చుక్కలు ఎట్లు జరిగినవో చూచి, తల ఎటు తిరిగినది, ఎటు ఒరగినది, ఎంత ముందుకు వచ్చినది కంప్యూటరు లెక్కగట్టును. తల కొంచెము త్రిప్పిన చాలును, తెరమీది చూపు రెక్కదాక పోవును. ఈ జాతి పరికరములలో ట్రాక్ ఐఆర్ పేరుమోసినది. మా యింటిది వేరొకటి.

2023 ఐప్పసి వానలలో ఆ పరికరము మొరాయించినది. తిన్నగా చూచినంతసేపు బాగుగనే యుండును. ఎడమకు తిరిగినంతనే తెర గజగజలాడి నిలిచిపోవును. చట్రపు ప్లాస్టిక్ చేయి యొకటి మొదట చిట్లి, తుదకు విరిగిపోయెను. "పారెయ్ తాతా, కొత్తది కొనాలంటే వేలు కావాలి. నాకింక అక్కర్లేదు" అని వాడు లేచిపోయెను. ఆ కడపటి మాట పరికరమును గూర్చినది కాదని మాకు తోచినది.

మరునాడు ఇద్దరము బల్లముందు కూర్చుంటిమి. పరారుణ కాంతి కంటికి కనబడదు గాని పలు ఫోను కెమెరాలలో ఊదా వెలుగుగా కనబడును. దీపములను ఫోనుతో చూచుచు తీగను మెల్లగా వంచితిమి. చట్రమున తీగ చొచ్చు చోట వంచినప్పుడు మూడును ఒక్కసారి ఆరినవి. మూడు దీపములును ఒకే వరుసలో గొలుసుకట్టుగా నున్నవి గనుక ఒకచోట తెగిన మూడును ఆరును. దీపములు చెడలేదు, మాటిమాటికి ఒకేచోట వంగి లోపలి రాగిపోగులు తెగినవి. మిల్లులోనైనను ఇంతే: వస్తువు నడుమ తెగదు, బిగువు మొదలయ్యెడి చోటనే తెగును.

పాత ఫోను తీగ యొకటి తెచ్చి పై తొడుగు వలచితిమి. లోపల ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు తీగలు నాలుగు బయటపడినవి. మాకు కావలసినవి విద్యుత్తు తెచ్చెడి ఎరుపును నలుపును మాత్రమే. వాడు కొంతసేపు చూచి, తలవంచి, "ఏది ఎరుపు తాతా?" అనెను. వైద్యుని మాట తరువాత ఆ సంగతి వాని నోట వచ్చుట అదే మొదలు. మేము చూపితిమి. ఈ దీపముల వెలుగు నీకును కనబడదు, మాకును కనబడదు, ఇందులో ఇద్దరమును సమానులమే యని చెప్పితిమి. వాడు నవ్వెను. పిమ్మట ఎరుపు తీగకు తెల్ల దారముతో ఒక ముడి వేసికొనెను. మరల ఎవరిని అడుగ నక్కరలేదు.

"పత్త వెయ్యనా తాతా?" అని వాడే టంకము పెట్టెను. అతుకుమీద వేడికి ముడుచుకొను గొట్టమును తొడిగితిమి. తీగను బిగువుగా లాగక, ఒక చిన్న వలయముగా వదలి హెడ్‌ఫోను పట్టీకి కట్టితిమి. ఇక తల తిరిగినప్పుడు వంపు వలయమునకే గాని అతుకునకు తగులదు. విరిగిన చేతికి బదులు సైకిలు చక్రపు చువ్వను వంచి అమర్చితిమి. దీపములు వెలిగినవి. పని ముగిసినదని సంతసించితిమి.

కాని విమానమెక్కగానే తెర వికారముగా ఊగినది. ఎడమకు చూచిన ఆకాశము కనబడును. ముందుకు వంగిన నేల ఒరగును. మరమ్మతు చెడినదని వాడు దిగులుపడెను. మరమ్మతు చెడలేదు. వాడు వాడెడి ఓపెన్‌ట్రాక్ అను ఉచిత ప్రోగ్రాములో మూడు దీపముల నడుమ దూరములు మిల్లీమీటర్లలో వ్రాసియుండును. క్రొత్త చేయి పాతదానికంటె ఆరు మిల్లీమీటర్లు పొడవు. యంత్రము పాత కొలతనే నమ్మి క్రొత్త వస్తువును చూచుచున్నది. మిల్లునాటి వెర్నియర్ కాలిపర్‌ను పెట్టెనుండి తీసి, మరల కొలిచి, అంకెలు మార్చితిమి. తెర నిలుకడ చెందినది. ఆ సాయంకాలము వాడు ఎడమ రెక్కమీదుగా రన్‌వేను చూచుచు మదురైలో దిగెను. మేము ప్రక్కన ముక్కాలిపీటపై కూర్చుండి ఊపిరి బిగబట్టితిమి.

నేడు మామూలు కెమెరాతో ముఖమునే చూచి తల కదలికను లెక్కించెడి ఉపాయములు వచ్చినవి. ఓపెన్‌ట్రాకులోను అట్టిది కలదు. తలమీద ఏమియు పెట్టుకొన నక్కరలేదు. ఐనను మా మనుమడు ఆ చువ్వ చేయినే వాడుచున్నాడు. ఆట ముగిసిన పిదప హెడ్‌ఫోనును బల్ల అంచున పడవేయక గోడ మేకునకు తగిలించును. తీగను బిగించి చుట్టడు. వెనుక కిటికీనుండి వచ్చు ఎండను కెమెరా మరియొక దీపమని భ్రమింపకుండ తెర దించును.

మాకు ఆనాటినుండి ఒక తలపు వదలకున్నది. శతాబ్దముల క్రిందట ఈ సీమకు వచ్చిన మనవారి తెలుగు ఎన్నో చోట్ల తెగినది, ఎన్నో చోట్ల అరవముతో అతికినది. టంకము అను మాట మాకు పుస్తకమున దొరకినది. మా యింట వినబడునది 'పత్త వెయ్యడ'మే. మనలో పలువురు తెలుగున మాటలాడుదురు గాని తెలుగు అక్షరములు చదువజాలరు. గోదావరీతీరపు కొలతతో దీనిని చూచినచో అంతయు ఒరగియే కనబడును. పిల్లలు సిగ్గుపడి పారవేయుదురు. మన యింటి తెలుగును మన కొలతతో కొలిచి, ఏది పాతది, ఏది అతుకు, ఏది తెగినది యని తెలిసికొన్ననాడు అది నిలుచును. తెగినచోట అక్షరములు నేర్పవచ్చును. అతికినచోట సిగ్గుపడనక్కరలేదు.

మా మనుమడు ఏమి కానున్నాడో మే మెరుగము. లోపమున్నచోట దారపుముడి వేసికొనుట వానికి తెలిసినది. వానితో మేము ఆ పనియంతయు మా యింటి తెలుగులోనే చేసితిమి.